కరోనా లాంటిది మళ్ళీ వస్తే క్యాసినోలు, పోకర్ టోర్నమెంట్లు బతుకుతాయా?

బతుకుతాయండి, నిక్షేపంగా బతుకుతాయి. తలుపులు కొన్నాళ్ళు మూతపడొచ్చు గానీ ఆట ఆగదు. ఇది ఎక్కడో చదివి చెప్పడం లేదు, వైజాగ్ సీతమ్మధారలో మా అక్కావాళ్ళ అపార్ట్‌మెంట్ డాబా మీద కూర్చుని తెలుసుకున్నాను.

2020 ఆగస్టు. నెలల తరబడి ఇళ్ళల్లో మగ్గిపోయిన మా బావ రమ్మీ బ్యాచ్, "డాబా మీద గాలాడుతుంది కదా, ఏటవుతాది" అని ఆదివారం ఆట మళ్ళీ మొదలెట్టింది. ఐదుగురం, రెండు పేకలు, పాయింటుకి రూపాయి. జాగ్రత్తలకేం లోటు లేదు. కుర్చీలు దూరం, మాస్కులు గడ్డం కింద, ప్రతి ఆటకీ ముందు బావ ముక్కల మీద శానిటైజర్ కొట్టేవాడు. మూడో ఆటకల్లా అవి ఉబ్బి అప్పడాల్లా తయారయ్యాయి, కలపబోతే నాలుగేసి అతుక్కుని వచ్చేవి, ఇస్పేటు రాణి మూల లేచిపోయి అది ఎవరి చేతిలో ఉందో వెనకనుంచే తెలిసిపోయేది. (దాని పుణ్యాన నేను రెండు షోలు కొట్టాను, బావకి ఇప్పటికీ చెప్పలేదు.) ఇన్ని చేసి, పంచడం మాత్రం రెండో అంతస్తు పెద్దాయన చేతికిచ్చాం. బ్యాంకులో క్యాషియర్‌గా రిటైరైన మనిషి, ముప్ఫై ఏళ్ళు నోట్లు లెక్కపెట్టిన చెయ్యి. బొటనవేలు నాలుకకి తాకించి ఒక్కో ముక్కా మా ముందు వేసేవారు. అందరం చూశాం. పెద్దాయన కదా, ఎవరికీ నోరు పెగల్లేదు.

పది రోజుల్లో ఐదుగురికీ పాజిటివ్. ముక్కల వల్ల కాదు మావయ్యా, ఎదురుబొదురుగా కూర్చుని గంటలకొద్దీ అరుచుకున్నారు చూడు, దానివల్ల అంటాడు డాక్టరీ చదువుతున్న మా మేనల్లుడు. ఏదైతేనేం, బల్ల చుట్టూ కూర్చున్నందుకే కదా. అప్పటికి నాలుగు నెలల ముందే విజయవాడ కృష్ణలంకలో ఒక లారీ డ్రైవర్ పేకాట వల్ల 24 మందికి అంటుకుందని అక్కడి కలెక్టరే చెప్పారు. ఆ వార్త మాకు చదివి వినిపించింది కూడా బావే.

బావకి కాస్త ఎక్కువైతే ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాం. బెడ్ చూపించకముందే అడ్వాన్స్ కట్టమన్నారు, అదీ క్యాషే కావాలట, కార్డు మిషన్ పాడైందట. అందరికీ సరిగ్గా అప్పుడే ఎందుకు పాడవుతుందో ఆ మిషన్!

అసలు కథ ఆయన ఇంటికొచ్చి గదిలో విడిగా ఉన్నప్పుడు జరిగింది. జన్మలో పోకర్ ఆడని మనిషి ఫోన్లో పోకర్ యాప్ వేసుకుని 14 రోజుల్లో 68 వేలు పోగొట్టాడు. డాబా మీద మూడొందలు పోతే ఆ రాత్రి అన్నం సరిగ్గా తినడు ఈయన! అక్కకి బ్యాంకు మెసేజ్‌లు చూస్తే గానీ తెలియలేదు. తేడా ఎక్కడంటే, డాబా మీద జేబులోంచి నోటు తీసి పక్కవాడికి ఇవ్వాలి, ఎవరో ఒకరు ఆవలిస్తారు, కింద నుంచి ఎవరింటి ఆవిడో పిలుస్తుంది, ఆట ఆగుతుంది. ఫోన్లో పిలిచేవాళ్ళెవరు? సెప్టెంబరులో మన రాష్ట్రం ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ నిషేధించాక అక్క సంపత్ వినాయకుడికి కొబ్బరికాయ కొట్టొచ్చింది.

పెద్ద క్యాసినోల్లో జరిగిందీ ఇంచుమించు ఇదే. చైనాలోని జూదాల నగరం మకావులో 2020 ఫిబ్రవరిలో 15 రోజులు మూశారు, ఆ ఏడాది అక్కడి ఆదాయం ముందటేడుతో పోలిస్తే దాదాపు 79 శాతం పడిపోయింది. లాస్ వేగాస్‌లో మార్చి 18న మూసి జూన్ 4న తెరిచారు. అక్కడ ఏటా జరిగే పెద్ద పోకర్ పోటీలు, వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ వాళ్ళు ఆ వేసవిలో ఊరికే కూర్చోలేదు, పోటీల్ని ఇంటర్నెట్‌లోకి ఎక్కించేశారు. సరే, జనం ఫోన్‌కి అలవాటుపడి బల్లల్ని మర్చిపోయారా అంటే అదీ లేదు, 2023లో అదే సిరీస్‌లో అసలు పెద్ద పోటీ, మెయిన్ ఈవెంట్‌కి 10,043 మంది వచ్చారు, 2006 నాటి 8,773 రికార్డు చెరిగిపోయింది. మన గోవాలో మాండవి నది మీద పడవ క్యాసినోలు 2020 నవంబరు 1న తెరిచారు, సెకండ్ వేవ్‌కి మళ్ళీ మూశారు, మళ్ళీ తెరిచారు. తెరిచిందే తడవు మా బ్యాచ్‌లో ఇద్దరు అమరావతి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్లు చూడటం మొదలెట్టారు. అదైనా ఒక రాత్రితో అయ్యే ప్రయాణమా, నడుము విరుగుతుంది, గోవా వెళ్ళాలంటే మన వైజాగ్ వాళ్ళకి ఎప్పుడూ ఇదే ఖర్మ.

ఇంకోసారి మహమ్మారి వస్తే మన దేశంలో ఒక్క తేడా ఉంటుంది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతా నిషేధించింది. క్యాసినో మూసి, యాప్ మూసి కూర్చోబెడితే మనవాళ్ళు మడి కట్టుకుంటారా? అందరూ డాబాలెక్కుతారు, జీడితోటల్లోకి పోతారు. నన్నడిగితే జబ్బుకి అదే ఎక్కువ ప్రమాదం, జేబుకి మాత్రం కాస్త తక్కువ.

మా ఆదివారం ఆట ఇప్పటికీ ఉంది. పేకలు ప్లాస్టిక్‌వి కొన్నాం. పంచేది మాత్రం ఆ పెద్దాయనే, ఎదురుగా తడి స్పాంజ్ డబ్బా పెట్టుకుంటారు, బ్యాంకు కౌంటర్లో ఉంటుందే అలాంటిది. మొన్న వేలు దాంట్లో అద్ది, అలవాటు కొద్దీ మళ్ళీ నాలుకకి కూడా తాకించుకున్నారు.