ఊరి మధ్య రోడ్డుకి స్పీడు లిమిట్ 20 పెట్టాలా, 30 పెట్టాలా?

మీరడిగింది ఇదీ: చీమకుర్తి గ్రానైటు లారీలు మీ ఊరి మధ్యనుంచే పోతున్నాయి, పంచాయతీ వాళ్ళు 20 బోర్డు పాతుదామంటున్నారు, సరిపోతుందా అని.

20 వద్దండీ. కిలోమీటరు పొడవునా ఏ లారీ 20లో పోదు. కుదరని అంకె ఒకటి చూసిన డ్రైవరు తర్వాతి బోర్డునీ లెక్కచెయ్యడు. మొదటి ఇంటి నుంచి చివరి ఇంటి దాకా 30 పెట్టించండి. దానికి ముందు రెండు వైపులా 50 బోర్డు ఉండాలి, 80లో వచ్చేవాడు ఒక్కసారిగా 30కి దిగలేడు. లోపలి సందులకీ, నెల్లూరు మాగుంట లేఔట్ లాంటి కాలనీ రోడ్లకీ కూడా 30యే.

30 ఎందుకంటే, డ్రైవరు చూసి బ్రేకు తొక్కడానికి ఒకటిన్నర సెకను పడుతుందనుకుంటే, పొడి తారు మీద కారు 30లో సుమారు 18 మీటర్లలో ఆగుతుంది. 40లో 26, 50లో 35. లోడు లారీకి ఇంకా ఎక్కువ, రోడ్డు మీద ఇసుక ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఆగి ఉన్న ట్రాక్టరు వెనకనుంచి బిడ్డో దూడో అడ్డం వస్తే 18 మీటర్లే ఎక్కువ. రోడ్డు భద్రత మీద దేశాలన్నీ కలిసి చేసిన 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కూడా మనుషులూ బండ్లూ కలిసి తిరిగే చోట 30 దాటొద్దనే అంది. మున్సిపల్ రోడ్ల మీద కారుకి 70, బైకుకి 60, ఆటోకి 50 అని 2018లో కేంద్రం ఇచ్చినవి గరిష్ఠాలు మాత్రమే.

అర్జీకి ముందు వేగం కొలవండి. రోడ్డు మీద 50 మీటర్లు టేపుతో కొలిచి రెండు సుద్దగీతలు గీయండి. ముందు చక్రం మొదటి గీత తాకినప్పటినుంచి రెండోది తాకేదాకా సెకన్లు లెక్కపెట్టి, 180ని వాటితో భాగిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి: 6 సెకన్లైతే 30, నాలుగున్నరైతే 40, 3 అయితే 60. పక్కకి నిలబడి ఏటవాలుగా చూస్తే లెక్క తప్పుతుంది, అందుకే ఒక్కో గీత దగ్గర ఒక్కో మనిషి ఉండాలి. ముందు బండి వెనక ఇరుక్కున్నవి వదిలేసి, ఖాళీ రోడ్డు మీద తన ఇష్టప్రకారం పోయే బండ్లు వంద తీసుకోండి. లారీలు, బైకులు విడివిడిగా రాయండి. వేగాలు చిన్న అంకె నుంచి పేర్చితే 85వది మీ అసలు అంకె, నూటికి 85 బండ్లు ఆ వేగం దాటవన్నమాట. అది 50 దగ్గరుంటే బోర్డు ఒక్కటే ఏమీ చెయ్యలేదు, రోడ్డునే మార్చాలి.

ఇక్కడే అందరూ హంపు మీద పడతారు. అడుగు వెడల్పున, అరచెయ్యి ఎత్తున కట్టిన సిమెంటు దిమ్మె హంపు కాదు. ఆటో కింది భాగం తగులుతుంది, బైకు పక్క మట్టిలోకి దిగుతుంది, రంగు లేకపోతే రాత్రి అదే ప్రాణం తీస్తుంది. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ 99 కొలత: బండి పోయే దిశలో 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు. 25లో దాటడానికి చేసిన వంపు అది. వరసగా వేస్తే మధ్య 100–120 మీటర్లు, 40 మీటర్ల ముందు హెచ్చరిక బోర్డు. అయితే ఇది కాలనీ రోడ్లకీ, మెయిన్ రోడ్డులో కలిసే అడ్డరోడ్లకీ. లారీలు పోయే మెయిన్ రోడ్డు మీద అడగొద్దు. అక్కడ మొదటి ఇంటికి బాగా ముందే అడ్డంగా థర్మోప్లాస్టిక్ పట్టీలు (చక్రం కింద గరగరమనే మందపాటి రంగు గీతలు) అడగండి. ఇళ్ళ ఎదురుగా వేస్తే రాత్రంతా ఆ చప్పుడుకి ఎవరికీ నిద్ర ఉండదు.

బోర్డు పంచాయతీ తనంతట తాను పాతితే పోలీసు చలానా నిలబడదు. మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ కింద ప్రభుత్వం, లేదా అది అధికారమిచ్చినవాళ్ళు, ఉత్తర్వు ఇవ్వాలి. పంచాయతీ తీర్మానం, మీ వంద కొలతల కాగితం, ఫొటోలు కలిపి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి, జిల్లా రోడ్డు భద్రతా కమిటీ ముందు పెట్టమని రాయండి. రోడ్డు ఆర్ అండ్ బీదా, పంచాయతీరాజ్‌దా ముందే తెలుసుకోండి, లేకపోతే అర్జీ రెండు ఆఫీసుల మధ్య తిరుగుతూనే ఉంటుంది.

నెల మించని ఆంక్షకు గెజిట్ ప్రకటన అక్కర్లేదు. కోతల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోస్తే (అసలు అది కూడదనుకోండి) ఆ కొద్దిరోజులకి 20 అడగొచ్చు.

అన్నీ అయ్యాక నెలకి మళ్ళీ కొలవండి, అదే చోట, అదే వేళకి. అడ్డరోడ్డు మీదైతే హంపు దగ్గర కాదు, రెండు హంపుల నడుమ.