నమ్మకం నాది, చట్టం అందరిదీ

ప్రశ్న: అమెరికా వచ్చిన చాలా ఏళ్లకు నాకు పౌరసత్వం లభించింది. ఈ నవంబరులో మొదటిసారి ఓటు వేయబోతున్నాను. అబార్షన్ పాపమని నమ్మే ఇంట్లో పెరిగాను, ఇప్పటికీ నా మనసు దానికి ఒప్పుకోదు. మావాళ్లేమో అవన్నీ పక్కనపెట్టి భారతీయ మూలాలున్న అభ్యర్థికే వేయమంటున్నారు. మతాన్నీ జాతినీ చూసి ఓటు వేయడం తప్పంటారా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: తప్పు కాదమ్మా. ఏ పదవికైనా మతాన్ని అర్హతగా పెట్టకూడదని అమెరికా రాజ్యాంగంలోని ఆరో అధికరణం చెబుతున్నది గాని, ఆ కట్టడి ప్రభుత్వానికే, ఓటరు అంతరాత్మకు కాదు. అయితే మీ నమ్మకం మీ నడవడికను నిర్ణయించడం వేరు, మీ ఓటు ద్వారా అది ఇతరుల మీద చట్టంగా మారడం వేరు. మీరు ఆలోచించవలసింది ఈ రెండో సంగతి గురించే.

అధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న కాథలిక్ అయిన కెనెడీని 1960 సెప్టెంబరులో హ్యూస్టన్‌లో ప్రొటెస్టెంట్ మతబోధకులు నిలదీసినప్పుడు, తాను కాథలిక్కుల అభ్యర్థిని కాననీ, డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిననీ ఆయన చెప్పుకోవలసి వచ్చింది. 1984లో తానూ కాథలిక్కే అయిన న్యూయార్క్ గవర్నర్ మారియో క్యూమో నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, అబార్షన్ విషయంలో చర్చి బోధను తాను వ్యక్తిగతంగా శిరసావహిస్తాననీ, దాన్ని అందరికీ చట్టం చేయడం మాత్రం వేరే ప్రశ్న అనీ వాదించారు. గర్భంలో ఉన్నది ఒక ప్రాణమని నిజంగా నమ్మేవారు దాన్ని సొంత వ్యవహారమని ఎలా వదిలేస్తారని ప్రత్యర్థులు అడిగారు. ఆ ప్రశ్న కొట్టిపారేయదగినది కాదు. అయినా నేను క్యూమో వైపే ఉంటాను. ఐదో నెలలో ఉమ్మనీరు పోయి, బిడ్డ దక్కే ఆశ లేకపోయినా గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉన్నప్పుడు, ఇప్పుడే గర్భం తీసివేయవచ్చా, తల్లికి ఇన్ఫెక్షన్ ముదిరేదాకా ఆగాలా అని డాక్టరు ఆసుపత్రి లాయర్లను అడగవలసిన దుస్థితి నిషేధం ఉన్న రాష్ట్రాల్లో వచ్చింది. ఆ మంచం మీద ఉన్న స్త్రీ మన మతస్థురాలే అయి ఉండనక్కర్లేదు.

దేశమంతటా అబార్షన్ హక్కును గుర్తించిన 1973 నాటి రో తీర్పును 2022 జూన్ 24న సుప్రీంకోర్టు కొట్టివేశాక ఈ విషయం చాలావరకు రాష్ట్రాల చేతికి పోయింది. మీ న్యూజెర్సీ అంతకు ముందే, ఆ ఏడాది జనవరిలోనే, ఆ హక్కును చట్టంగా రాసుకున్నది. కాన్సస్‌లో అదే ఆగస్టులో రాష్ట్ర రాజ్యాంగ సవరణ మీద ఓటింగ్ పెడితే, 'అవును' అంటే హక్కు ఉన్నట్టు కాదు, పోయినట్టు. 2020లో ట్రంప్‌ను గెలిపించిన ఆ రాష్ట్రంలోనే దాదాపు 59 శాతం మంది 'కాదు' అన్నారు. 2024 నవంబరులో మిస్సోరి ఓటర్లు ఒకే రోజు ట్రంప్‌నూ గెలిపించారు, అబార్షన్ హక్కునూ ఆమోదించారు. పార్టీని ఒకలా, చట్టాన్ని ఇంకొకలా చూడగలిగిన ఆ ఓటర్ల మీద నాకు చాలా గౌరవం.

ఇక జాతి మాట. భారతీయులు తెల్లవారు కారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని 1923లో భగత్ సింగ్ తింద్ కేసులో ఇదే సుప్రీంకోర్టు తేల్చింది. ఆ అడ్డు 1946 దాకా తొలగలేదు. మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఇక్కడికి రావడానికి దారి తెరిచిన వలస చట్టమూ, నల్లజాతివారి ఓటుకు రక్షణనిచ్చిన చట్టమూ 1965లోనే, ఒకే పౌరహక్కుల ఉద్యమపు వేడిలో వచ్చాయి. కనుక హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ 2023 జనవరిలో మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా భగవద్గీత మీద ప్రమాణం చేసినప్పుడు గర్వపడడం సహజం, నేనూ పొంగిపోయాను. ఆ గర్వంతోనే ఓటు వేయవచ్చా అంటే, అక్కడ నేను మీవాళ్లతో ఏకీభవించను. నిక్కీ హేలీ, కమలా హారిస్ ఇద్దరి మూలాలూ భారతదేశంలో ఉన్నాయి. సౌత్ కరోలినా గవర్నర్‌గా హేలీ 2016లో 20 వారాల తరువాత అబార్షన్‌ను నిషేధించే చట్టం మీద సంతకం చేస్తే, హారిస్ 2024 అధ్యక్ష ఎన్నికల ప్రచారమంతటా ఆ హక్కు కోసమే మాట్లాడారు. 'మనవాళ్లు' అన్న మాట వీరిద్దరిలో ఎవరికి ఓటు వేయాలో చెప్పలేదు.

మీవాళ్లు మళ్లీ ఆ అభ్యర్థి పేరెత్తితే, అబార్షన్ మీద, ఓటు హక్కు మీద, వలసల మీద వచ్చిన ఏ బిల్లుకు ఆయన ఎటు నిలబడ్డారో అడగండి. కౌంటీ నుంచి నమూనా బ్యాలెట్ మీ ఇంటికి పోస్టులో వచ్చేలోగా ఆ వివరం మీరే స్వయంగా చూసుకోవడం ఇంకా మంచిది.