స్ట్రింగ్ క్వార్టెట్‌ను ఫ్లూట్, క్లారినెట్, బసూన్, మరింబాలకు ఎలా మార్చాలి?

స్ట్రింగ్ క్వార్టెట్ అంటే రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో కోసం రాసిన సంగీతం. అందులో వయొలిన్ భాగాన్ని ఉన్నదున్నట్టు ఫ్లూట్‌కి ఇస్తే కుదరదు. వయొలిన్ మధ్య సి (పియానో మధ్యలో ఉండే సి స్వరం) కింద ఉన్న జి దాకా దిగుతుంది, సాధారణ ఫ్లూట్ మధ్య సి దగ్గరే ఆగిపోతుంది. మధ్య సి కిందికి దిగే చోట్లను క్లారినెట్‌కి మళ్లించండి. వయోలా భాగంలో బి ఫ్లాట్ క్లారినెట్‌కి (మామూలుగా వాడే రకం) అందనివి అడుగున రెండు స్వరాలే.

అసలు తలనొప్పి మరింబాతోనే (మ్యాలెట్లతో, అంటే చివర బంతి ఉన్న పుల్లలతో, పలకలను కొట్టి వాయించే వాద్యం). కొట్టిన వెంటనే నాదం తగ్గిపోతుంది. రోల్‌తో (ఒకే స్వరాన్ని వేగంగా పదేపదే కొట్టడం) సాగదీయవచ్చు కానీ, ప్రతి పొడవాటి స్వరానికీ రోల్ పెడితే విసుగొస్తుంది (నాకైతే రెండు లైన్లకే). సాగే చెల్లో స్వరాలు బసూన్‌కి వదిలేసి, పిజ్జికాటో (తీగను వేలితో మీటే స్వరాలు), విడివిడిగా పలికే కార్డ్‌లు (కలిపి పలికించే స్వరాల గుంపులు) మరింబాకి ఇవ్వండి. అయిదు ఆక్టేవుల (స్థాయిల) మరింబా అయితే చెల్లో అట్టడుగు సి కూడా దొరుకుతుంది. ఫ్లూట్ కింది స్థాయిలో ఉన్నప్పుడు దాన్ని మరింబా మింగేయకుండా మెత్తటి మ్యాలెట్లు వాడమని రాయండి. ఊదేవాళ్లు ఊపిరి తీసుకునే చోట్లు కూడా గుర్తించాలి.