కార్డు మీద బాగున్న లోగో బోర్డు మీద ఎందుకు చెడింది?

ప్రశ్న: వరంగల్ కొత్తవాడలో మాది జంపఖానాల దుకాణం. కాకతీయ తోరణం బొమ్మతో లోగో చేయించుకున్నాం. విజిటింగ్ కార్డు మీద బాగానే వచ్చింది. నాలుగడుగుల ఎర్ర బోర్డు నిండా వేయిస్తే అంచులు మెట్లు మెట్లుగా, చుట్టూ తెల్ల డబ్బాతో వచ్చింది. నా దగ్గరున్నది 600 × 600 పిక్సెళ్ల జేపెగ్. బోర్డు వేసేవాళ్లు 300 డీపీఐ చేసి ఇమ్మంటున్నారు. ఎలా?

జవాబు: డీపీఐ అంకె మార్చినంత మాత్రాన ఒరిగేదేమీ లేదండి. అంగుళానికి ఎన్ని చుక్కలు పరచాలో చెప్పే అంకె అది, అంతే. మీ బొమ్మలో ఉన్న చుక్కలు, అంటే పిక్సెళ్లు, అడ్డంగా 600. అంగుళానికి 300 చొప్పున రెండంగుళాల దాకా వస్తాయి, కార్డుకు అది ఎక్కువే. అవే 48 అంగుళాల బోర్డుకు పరిస్తే అంగుళానికి పన్నెండున్నర! మెట్లు కనబడక ఏం చేస్తాయి? దూరం నుంచి చూసే బోర్డుకు 100 ఉన్నా చాలు. కానీ దానికీ 4,800 పిక్సెళ్లు కావాలి. ఉన్న బొమ్మనే సాగదీస్తే లేని చుక్కల్ని సాఫ్ట్‌వేర్ ఊహించి నింపుతుంది, తోరణం మసకబారుతుంది.

తెల్ల డబ్బాకు కారణం జేపెగ్‌కు పారదర్శకత, అంటే వెనక రంగు కనబడనిచ్చే గుణం, లేకపోవడం. పీఎన్‌జీ అనే ఫైలు రకానికి ఉంది. అయితే జేపెగ్‌నే పీఎన్‌జీగా సేవ్ చేస్తే తెలుపు పోదు, దాన్ని విడిగా తీసేయాలి.

మీకు నిజంగా కావాల్సింది వెక్టర్ ఫైలు. అందులో చుక్కలుండవు, గీతల లెక్కలుంటాయి. అగ్గిపెట్టె మీద వేసినా, ఫ్లెక్సీ మీద వేసినా అంచు ఒకేలా ఉంటుంది. లోగో గీసినవారినే సీడీఆర్ (కోరెల్‌డ్రా ఫైలు), ఏఐ (ఇలస్ట్రేటర్ ఫైలు), ఎస్‌వీజీ, పీడీఎఫ్ ఫైళ్లలో ఏదో ఒకటి అడగండి. డబ్బులిచ్చిన రోజే అడగాల్సింది, సరే. దుకాణం పేరులోని తెలుగు అక్షరాలను ‘కర్వ్స్’గా, అంటే ఫాంటుతో పనిలేని గీతలుగా, మార్చి ఇమ్మనండి. లేకపోతే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో మీ పేరు పిచ్చి గీతలవుతుంది. జేపెగ్‌నే పీడీఎఫ్‌లో పెట్టి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. 800 శాతం జూమ్ చేయండి, గళ్లు కనబడితే అది వెక్టర్ కాదు.

వాళ్ల దగ్గర ఒరిజినల్ లేదంటే ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో చుక్కల బొమ్మను గీతలుగా మార్చే ‘ట్రేస్ బిట్‌మ్యాప్’ ఉంది. కానీ తోరణం మీది సన్న చెక్కడాలు అందులో మరకల్లా వస్తాయి. కొత్తగా గీయించడమే నయం. ఆ చెక్కడాలు సగం తీసేయమనండి, కార్డు మీద అవి ఎలాగూ ముద్దయిపోతాయి.

ఫైలును వాట్సాప్‌లో ఫొటోగా పంపకండి, కుదించేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.