వాషింగ్టన్‌లోని బ్లెయిర్ హౌస్ చరిత్ర ఏమిటి? లోపలికి వెళ్లి చూడొచ్చా?

లోపలికి వెళ్లడం కుదరదండీ. అది అమెరికా అధ్యక్షుడి అతిథి గృహం, మామూలు జనాన్ని రానివ్వరు. మేం పక్కనే వర్జీనియాలో ఉంటాం. ఇండియా నుంచి చుట్టాలు ఎవరొచ్చినా వైట్ హౌస్ దగ్గరికి తీసుకెళ్లినప్పుడు, పెన్సిల్వేనియా అవెన్యూకి ఇవతల ఉన్న ఈ ఇంటిని తప్పకుండా చూపిస్తాను. ముందు ఏ దేశం జెండా ఎగురుతుంటే ఆ దేశపు నాయకుడు లోపల దిగినట్టు. 2025 ఫిబ్రవరిలో మోదీ బస చేసింది ఇక్కడే.

1824లో అమెరికా సైన్యం సర్జన్ జనరల్ జోసెఫ్ లోవెల్ కట్టించుకున్న ఇల్లిది. 1836లో పత్రికా సంపాదకుడు ఫ్రాన్సిస్ ప్రెస్టన్ బ్లెయిర్ కొన్నాడు, ఆ పేరే నిలిచిపోయింది. 1861 ఏప్రిల్‌లో, అంతర్యుద్ధం అప్పుడే మొదలైన రోజుల్లో, సైనికాధికారి రాబర్ట్ ఇ. లీని ఈ ఇంటికి పిలిచి ఉత్తరాది సైన్యానికి నాయకత్వం వహించమని అడిగింది కూడా ఆయనే. లీ ఒప్పుకోలేదు. రెండు రోజుల్లో రాజీనామా చేసి దక్షిణాది వైపు వెళ్లిపోయాడు.

1942లో ప్రభుత్వం కొనేసింది. రెండో ప్రపంచ యుద్ధకాలం, విదేశీ అతిథుల తాకిడి పెరిగింది. వైట్ హౌస్‌లో దిగిన బ్రిటన్ ప్రధాని చర్చిల్ అర్ధరాత్రి నైట్‌డ్రెస్‌లో అప్పటి అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ గది వైపు వెళ్తుంటే ఆయన భార్య ఎలినార్ రూజ్‌వెల్ట్ ఆపారని, అతిథులకు వేరే ఇల్లు ఉండాలన్న పట్టుదల ఆవిడకు అప్పుడే వచ్చిందని చెప్పుకుంటారు. తర్వాత పక్క ఇళ్లనీ కలిపేశారు. బయటికి మామూలు ఇళ్ల వరుసలా కనిపిస్తుంది కానీ, లోపల వందకు పైగా గదులున్నాయి.

నా దృష్టిలో అసలు కథ 1950 నవంబర్ 1ది. వైట్ హౌస్ కూలిపోయే స్థితిలో ఉండి లోపలంతా తిరగకడుతుంటే అప్పటి అధ్యక్షుడు ట్రూమన్ కుటుంబం ఇక్కడ కాపురం ఉంది. అమెరికా పాలనలోని ప్యూర్టోరికో దీవికి స్వాతంత్ర్యం కోరుతున్న ఇద్దరు, ఆస్కార్ కొయాజో, గ్రిసెలియో టొరెసోలా, ఆయన్ని చంపడానికి తుపాకులతో వచ్చారు. ట్రూమన్ మేడ మీద కునుకు తీస్తున్నారు. టొరెసోలా కాపలా గదిలోని లెస్లీ కాఫెల్ట్‌ని దగ్గర నుంచి కాల్చాడు. అన్ని తూటాలు తగిలినా కాఫెల్ట్ లేచి బయటికొచ్చి, గురిచూసి టొరెసోలాని కాల్చేశాడు. కొన్ని గంటల తర్వాత ఆసుపత్రిలో తనూ చనిపోయాడు. ప్రాణాలతో దొరికిన కొయాజోకి పడిన మరణశిక్షను 1952లో యావజ్జీవంగా మార్చింది ట్రూమనే.

ఆ కాపలాదారు పేరుతో ఇంటి ముందు ఒక ఫలకం ఉంది. ఎవరెవరు ఇక్కడ దిగారో చెప్పేవాళ్లు బోలెడుమంది, ఈయన పేరు చెప్పేవాళ్లే తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది. అందుకే మావాళ్లను అక్కడ ఆపి, చదివి తెలుగులో చెప్తాను. మీరూ వెళ్తే చదవండి. విదేశీ నాయకులు బసచేసిన రోజుల్లో ఆ పక్క కాలిబాట మూసేస్తారు, కాబట్టి ముందు రోజు వార్తలు చూసుకుని బయల్దేరండి.