ఇన్నోవా పేరుకు మీరెంత కడుతున్నారు?

ప్రశ్న: మాది ఖమ్మం. వయసు 39. చేతికొచ్చే జీతం 92,000. ఇంటి లోన్ ఈఎంఐ 24,000 పోతుంది. ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, పెట్రోలు కలిపి 38,000 అవుతాయి. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, అమ్మానాన్న, మొత్తం ఆరుగురం. ఉన్న 2014 స్విఫ్ట్‌లో అందరం పట్టడం లేదు. 2018 మోడల్ ఇన్నోవా క్రిస్టా జీఎక్స్, డీజిల్, 1.2 లక్షల కిలోమీటర్లు తిరిగింది, 14 లక్షలు చెబుతున్నారు. ఎఫ్‌డీలో ఉన్న 6 లక్షల్లోంచి 5 లక్షలు తీస్తాను. మిగతా 9 లక్షలకు డీలరే 13.5 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ ఇప్పిస్తానంటున్నాడు. స్విఫ్ట్ అమ్మను, రోజువారీ పనులకు ఉంచేస్తాను. ‘టొయోటా బండి బంగారం లాంటిది, ఎప్పుడమ్మినా నీ డబ్బు ఎక్కడికీ పోదు’ అంటున్నారు మా బావగారు. టోకెన్ కింద 10,000 ఇచ్చాను. ఆదివారంలోగా చెప్పమంటున్నారు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడు వద్దండి. బండి మంచిది కాదని కాదు. ఈ ధరకు, ఈ వడ్డీకి, మీ జీతం మీద ఇది కుదరదు.

బావగారి మాటలో నిజం ఉంది. ఇన్నోవాకు రీసేల్ బాగుంటుంది. కాకపోతే ఆ రీసేల్ వల్ల బాగుపడింది ఎవరో చూడండి. మీరు చెప్పిన వేరియంట్ 2018లో ఆన్‌రోడ్ 18, 19 లక్షలు పడి ఉంటుంది. మొదటి ఓనరు ఏడేళ్లు వాడుకుని, 14 లక్షలకు అమ్ముతున్నాడు. అంటే ఏడాదికి 60, 70 వేలకు మించి అతనికి తరుగు లేదు. డీలరు కమిషన్ తీసేసినా లాభసాటి బేరమే. ఆ లాభం ఎవరి జేబులోంచి వస్తోంది? మీ జేబులోంచే. టొయోటాకున్న మంచి పేరు ఈ 14 లక్షల్లో ముందే కలిసిపోయి ఉంది. వేరే కంపెనీ ఏడు సీట్ల డీజిల్ బండి, అదే వయసుది, అన్నే కిలోమీటర్లు తిరిగింది అయితే చాలా తక్కువకు దొరుకుతుంది. ఆ తేడా అంతా పేరు ఖరీదే.

ఆ పేరు ఊరికే రాలేదులెండి. మన దగ్గర టొయోటా కథ 2000 జనవరిలో క్వాలిస్‌తో మొదలైంది. అంతకు ముందు 1997లో కిర్లోస్కర్ గ్రూపుతో కలిసి కంపెనీ పెట్టి, బెంగళూరు దగ్గర బిడదిలో ఫ్యాక్టరీ కట్టారు. ప్రపంచమంతా అమ్ముడుపోయే కొరోలాను పక్కన పెట్టి, ఇండోనేసియాలో కిజాంగ్ పేరుతో తిరుగుతున్న డబ్బా లాంటి బండిని ముందు తెచ్చారు. చూడ్డానికి పాతకాలం బండిలా ఉందని అప్పట్లో చాలామంది పెదవి విరిచారు. ఉమ్మడి కుటుంబాలు, ట్రావెల్స్ వాళ్లు మాత్రం కళ్లకద్దుకున్నారు. హైదరాబాద్ హైటెక్ సిటీలో రాత్రి షిఫ్టుల వాళ్లను దింపే క్యాబ్ అంటే చాలాకాలం క్వాలిసే. ఇంజిన్‌కు పెద్ద బలం లేకపోయినా, పది మందిని ఎక్కించినా మొరాయించేది కాదు. అమ్మకాలు బాగా ఉన్నప్పుడే దాన్ని ఆపేసి 2005లో ఇన్నోవా తెచ్చారు. 2016లో క్రిస్టా, 2022 చివర్లో హైక్రాస్ వచ్చాయి.

మధ్యలో తడబాటు లేకపోలేదు. 2010 చివర్లో వచ్చిన ఎటియోస్ లోపలి ప్లాస్టిక్కు, డ్యాష్‌బోర్డు నడిమధ్యన పెట్టిన మీటరూ సొంతానికి కొనేవాళ్లకు అంతగా నచ్చలేదు. టాక్సీ వాళ్లకు దాని 595 లీటర్ల డిక్కీ, డీజిల్ మైలేజీ తెగ నచ్చాయి. 2020లో అదీ ఆగిపోయింది. ఇప్పుడు టొయోటా షోరూముల్లో కనిపించే గ్లాంజా, రుమియన్ మారుతి బలేనో, ఎర్టిగాలకు మరో పేరు. సుజుకీతో ఒప్పందం మీద వచ్చినవి. కాబట్టి ‘టొయోటా’ అని రాసున్న ప్రతి బండికీ ఇన్నోవా ఆయుష్షు అంటగట్టి ఎక్కువ డబ్బు పెట్టకండి.

బండి వాడేవాళ్లు చెప్పేది కూడా రెండు వైపులా వినాలి. క్రిస్టా ఉన్నవాళ్లను కదిపితే ముందుగా చెప్పేది మధ్య వరుస సీట్ల సుఖం, వెనక వరుస దాకా అందే ఏసీ, మూడు లక్షల కిలోమీటర్లు దాటినా ఇంజిన్ విప్పాల్సిన పని పడలేదన్న మాట. మీ అమ్మానాన్నలకు ఎక్కడం దిగడం కూడా తేలికే. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పేవి వేరే ఉంటాయి. ట్రాఫిక్‌లో క్లచ్ బరువుకు కాలు లాగుతుంది. పార్కింగ్‌లో స్టీరింగ్ గట్టిగా ఉంటుంది. ఊళ్లో మైలేజీ 10, 11 దాటడం కష్టం. టైర్ల సెట్టు మార్చిన నెల గుర్తుండిపోతుంది. ఇవేవీ లోపాలు కావు, పెద్ద బండి ఖర్చులు. కంపెనీ మచ్చలేనిది అనుకోవడమూ పొరపాటే. 2009, 2010ల్లో అమెరికాలో యాక్సిలరేటర్ సమస్యలతో లక్షల కార్లు వెనక్కి పిలిచి, 2014లో అక్కడి ప్రభుత్వానికి 120 కోట్ల డాలర్లు కట్టింది. 2024 జనవరిలో డీజిల్ ఇంజిన్ల హార్స్‌పవర్ పరీక్షల్లో అవకతవకలు బయటపడి, మన దేశంలోనూ క్రిస్టా, ఫార్చ్యూనర్, హైలక్స్ డెలివరీలకు కొద్దికాలం బ్రేక్ పడింది. ఉన్న బండ్లు వాడటం ఆపాల్సిన పని లేదని కంపెనీ చెప్పింది. అయినా పేరు చూసి పరీక్ష మానేయకూడదు.

ఇక మీ లెక్క. 9 లక్షలు, 13.5 శాతం, ఐదేళ్లు. ఈఎంఐ 20,700 పడుతుంది. మొత్తం వడ్డీ 3.4 లక్షలు. ఇదే 9 లక్షలు కొత్త కారు మీద 9 శాతానికి దొరికితే ఈఎంఐ 18,700 లోపే. సెకండ్ హ్యాండ్‌లో బండి చవక, అప్పు ఖరీదు. ఈ రెండోది చాలామందికి సంతకం పెట్టాకగానీ తెలియదు.

మీ ఖర్చులన్నీ పోగా నెలకు 30,000 మిగులుతోంది. ఈఎంఐకి తోడు ఇన్నోవాలో నెలకు 800 కిలోమీటర్లు తిరిగితే డీజిల్‌కు 6,500 పైనే. ఇన్సూరెన్స్‌ను నెలల మీద పంచితే 2,500. సర్వీసు, టైర్లు, బ్యాటరీ, అడపాదడపా వచ్చే రిపేర్లకు 3,000 పక్కన పెట్టాలి. ఈ వయసు బండికి నేనైతే ఇంతకంటే తగ్గించను. అన్నీ కలిపితే 33,000 దగ్గరకొస్తుంది. మిగిలేది 30,000. ప్రతి నెలా 3,000 క్రెడిట్ కార్డు మీదకు పోతుంది. ఎఫ్‌డీలో మిగిలే లక్షతో అమ్మానాన్నలకు ఒక్క ఆసుపత్రి ఖర్చు వచ్చినా సరిపోదు. వాళ్లకు ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే కారు కంటే ముందు అది చూడండి.

‘డబ్బు ఎక్కడికీ పోదు’ అన్నదీ లెక్కేద్దాం. లోన్ తీరేసరికి బండికి పన్నెండేళ్లు నిండుతాయి. పదిహేనేళ్ల ఆర్‌సీ గడువులో మూడేళ్లే మిగులుతాయి. కొనేవాడు ఆ మూడేళ్లే చూస్తాడు. అయినా ఇన్నోవా కదా అని గట్టిగా 8.5 లక్షలు వస్తుందనే అనుకుందాం. తరుగు 5.5 లక్షలు, వడ్డీ 3.4, ఎఫ్‌డీలోంచి తీసిన 5 లక్షల మీద రాకుండా పోయిన వడ్డీ 1.8. దాదాపు 10.7 లక్షలు. ఏడాదికి 2.1 లక్షల పైమాటే. ఇన్సూరెన్స్, సర్వీసు కలిపితే 2.8 లక్షలు. ఇందులో డీజిల్ ఇంకా కలపలేదు.

అదే ఇన్నోవా మీకు అద్దెకు ఎంతకు వస్తుందో చూడండి. కిలోమీటరుకు 20 రూపాయలు, డ్రైవరు బత్తా వేరే అనుకుందాం. ఆరుగురూ కలిసి ఊరికో, భద్రాచలానికో నెలకోసారి వెళ్తే, రోజుకు కనీసం 250 కిలోమీటర్ల లెక్కన, బత్తాతో 5,500. పన్నెండు నెలలకు 66,000. ఏడాదికి రెండుసార్లు తిరుపతి, ఒక్కోటి రానుపోను వెయ్యి కిలోమీటర్లు, బత్తాతో కలిపి 43,000. మొత్తం 1.1 లక్షలు, డీజిల్ అందులోనే. డ్రైవింగ్ టెన్షన్ కూడా మీది కాదు. ‘సొంత బండి ఉంటే ఆ దర్జానే వేరు’ అని ఇంట్లో అంటారు, కాదనను. ఆ దర్జాకు ఏడాదికి అయ్యే ఖర్చు ఇంత అని మాత్రం వాళ్లకు కాగితం మీద చూపించండి.

మీరు కొనబోయే బండిని తయారుచేసిన కంపెనీకి అప్పంటే ఎందుకంత భయమో తెలిస్తే మీకు సరదాగా ఉంటుంది. సకిచి టొయోడా మగ్గాలు కనిపెట్టిన మనిషి. తన ఆటోమేటిక్ మగ్గం పేటెంట్ హక్కులు 1929లో ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్‌కు లక్ష పౌండ్లకు ఇచ్చారు. కొడుకు కీచిరో కార్ల వైపు తిరిగి 1937లో మోటారు కంపెనీ పెట్టారు. యుద్ధం తర్వాత 1949లో జపాన్‌లో డబ్బుకు కటకట వచ్చింది. వాయిదాల మీద అమ్మిన ట్రక్కుల డబ్బు వసూలు కాలేదు, తయారైన బండ్లు యార్డులోనే నిలిచిపోయాయి, జీతాలివ్వడం కష్టమైంది. బ్యాంకులు కలిసి అప్పిచ్చి, షరతులు పెట్టాయి: అమ్మకాలకు వేరే కంపెనీ పెట్టాలి, అమ్ముడయ్యేన్ని బండ్లే చేయాలి, మనుషులను తగ్గించాలి. సమ్మె జరిగింది. దాదాపు 1,600 మంది ఉద్యోగాలు పోయాయి. 1950 జూన్‌లో కీచిరో రాజీనామా చేశారు. అదే నెలలో కొరియా యుద్ధం మొదలై, అమెరికా సైన్యం ట్రక్కులకు ఆర్డర్లిచ్చింది. కంపెనీ గట్టెక్కింది. కీచిరో మాత్రం మళ్లీ పగ్గాలు పట్టకుండానే 1952లో చనిపోయారు. విడగొట్టిన రెండు కంపెనీలు కలవడానికి 1982 దాకా పట్టింది. చేతిలో నగదు దండిగా ఉంచుకోవడం ఆ తర్వాత వాళ్లకు అలవాటైపోయింది. జపాన్‌లో దాన్ని ‘టొయోటా బ్యాంక్’ అని కూడా అంటారు.

మీరు చేయాల్సింది ఇది. ఆ 20,000 ఈఎంఐ ఏదో ఇప్పటి నుంచే మీకు మీరే కట్టుకోండి, ఆర్‌డీలో (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్‌లో). పద్దెనిమిది నెలలకు వడ్డీతో 3.75 లక్షలు దాటుతుంది. మిగిలే పది వేలలోంచే అద్దె బండి ఖర్చు భరించగలరు. ఏ నెలైనా ఆర్‌డీ కట్టలేకపోతే, ఈఎంఐ కూడా కట్టలేకపోయేవారని అప్పుడే తెలుస్తుంది. ఎఫ్‌డీలో 3 లక్షలు అత్యవసరానికి వదిలేసి మిగతా మూడూ కలిపితే చేతిలో దాదాపు ఏడు లక్షలు. అప్పుడు 5 లక్షల లోన్‌తో, మూడేళ్లలో తీరేలా కొనండి. వడ్డీకి డీలరు చెప్పిన చోటికి కాకుండా, మీ జీతం పడే బ్యాంకుకు ముందు వెళ్లండి. ఆరు నుంచి ఏడు సీట్లే కావాలి, బరువైన బండి అక్కర్లేదనుకుంటే కొత్త ఎర్టిగానో రుమియన్‌నో కూడా ఆ బడ్జెట్ దరిదాపుల్లోనే వస్తుంది. కొత్త కారు వడ్డీ, వారంటీ రెండూ కలిసొస్తాయి. వెనక వరుసలో అమ్మానాన్నలు గంటల తరబడి కూర్చోలేరు, అదొక్కటి చూసుకోండి.

ఆగినంత మాత్రాన ధర పెరుగుతుందన్న భయం వద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద డీజిల్ బండ్ల మీద పన్ను 50 నుంచి 40 శాతానికి దిగింది. కొత్త క్రిస్టా ధర తగ్గింది కాబట్టి పాతదానికి పాత రేటు అడిగితే బేరమాడే హక్కు మీకుంది.

తర్వాత ఏ ఇన్నోవా చూసినా ముందు ప్రభుత్వ ‘వాహన్’ వెబ్‌సైట్‌లో ఆర్‌సీ వివరాలు తీయండి. ఎన్నో ఓనరు, ఫైనాన్స్ క్లియర్ అయిందా, చలాన్లున్నాయా, ఒకప్పుడు పసుపు బోర్డు మీద తిరిగిందా అన్నది తెలియాలి. టాక్సీగా నలిగిన బండిని తెల్ల బోర్డుకు మార్చి, మీటరు వెనక్కి తిప్పి అమ్మడం ఈ మోడల్‌లో ఎక్కువ, ఎందుకంటే అమ్మినా చెల్లుతుంది కాబట్టి. మీటరు 1.2 లక్షలు చూపిస్తూ బ్రేక్ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే, డ్రైవరు సీటు అంచు కుంగిపోయి ఉంటే, పైన క్యారియర్ బిగించిన గుర్తులుంటే అనుమానించాల్సిందే. కంపెనీ సర్వీసు సెంటర్‌లో నంబరు చెప్పి ఏ తేదీన ఎన్ని కిలోమీటర్ల దగ్గర సర్వీసైందో అడగండి. ఓనరే అడిగితే ఇస్తారు కాబట్టి ఆయన్ని వెంట రమ్మనండి. రానంటే ఆ బండి వదిలేయండి.

ఢిల్లీ నంబరు ఇన్నోవా చవకగా వస్తుందని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అక్కడ డీజిల్ బండ్లకు పదేళ్ల గడువు పెట్టడం వల్లే ధర తగ్గింది. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోవడం, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టడం, కొత్త నంబరు, దారి ఖర్చులు కలిపి లెక్కేస్తే ఆ చవకలో సగం కరిగిపోతుంది. బండి చరిత్ర విచారించడానికి తెలిసిన మనిషీ అక్కడ ఉండడు.

టోకెన్ సంగతి. రసీదు మీద ఏం రాశారో ఇవాళే చదవండి. లోన్ సంతృప్తిగా కుదరకపోతే వాపసు అని ఉంటే ఆదివారం దాకా ఆగకుండా వెళ్లి అడగండి. అలా ఏమీ రాయకపోయినా అడగండి, సగమైనా ఇస్తారేమో. ఇవ్వకపోతే ఆ 10,000 వదులుకోండి. ఒక నెల ఈఎంఐలో సగం కంటే కూడా తక్కువే పోయింది.