సీసా కొనే ముందు ఇంకా ఎన్ని చెకింగులున్నాయో చూసుకో

చిన్నా,

టికెట్ పంపావు, చూశాను. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్, అక్కడి నుంచి షికాగో, ఆ తర్వాత కొలంబస్. వీసా కాగితాలు, చలికోట్ల సంగతి మీ నాయన చూసుకుంటున్నాడు కాబట్టి అందులో నేను వేలు పెట్టను. కానీ నిన్న ఫోన్లో కోడలు, "మేనేజరుకి ఒక మంచి స్కాచ్, నాకు రెండు పర్ఫ్యూములు డ్యూటీ ఫ్రీలో తీసుకుంటాం పెద్దమ్మా, అక్కడ చవకట కదా" అంది. ఇది ఫోన్లో చెబితే సగం వినబడదు, విన్న సగం గుర్తుండదు. మీ పెద్దనాయనా నేనూ పిల్లల దగ్గరికి తిరిగి తిరిగి అలవాటు పడ్డవాళ్లం. సెక్యూరిటీ ట్రేల దగ్గర జనం ఏమేం వదిలేసుకుంటారో కళ్లారా చూసినదాన్ని. అందుకే కూర్చుని రాస్తున్నా.

సీసా ఏ షాపులో కొన్నావు, ఎంతకు కొన్నావు అన్నవి తర్వాతి మాటలు. కొన్నాక ఇంకా ఎన్ని సెక్యూరిటీ చెకింగులు దాటాలి? ముందు అది వేలు మడిచి లెక్కపెట్టు. మీ దారిలో చూద్దాం. బెంగళూరు ఎయిర్‌పోర్టులో పన్ను లేకుండా అమ్మే ఆ డ్యూటీ ఫ్రీ కొట్టు సెక్యూరిటీ దాటాక వస్తుంది కాబట్టి ఇక్కడ గొడవ లేదు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో విమానం మారేటప్పుడు, ఇండియా నుంచి దిగినవాళ్లను మళ్లీ స్కానర్ గుండా పంపుతారు. అది ఒకటి. షికాగో మీకు అమెరికాలో మొదటి ఊరు. ఇమిగ్రేషన్ అయ్యాక సూట్‌కేసులు బెల్టు మీద నుంచి మీరే దించుకుని, కస్టమ్స్ దాటి, కొలంబస్ విమానానికి మళ్లీ అప్పజెప్పాలి. ఆపైన చేతిసంచులతో ఇంకో సెక్యూరిటీ. అది రెండు. బెంగళూరులో కొన్న సీసా ఈ రెండూ గట్టెక్కితేనే కొలంబస్ చేరుతుంది.

ఈ గోల ఎప్పటి నుంచంటే, 2006 ఆగస్టు 10న లండన్‌లో ఒక ముఠాను పట్టుకున్నారు. కూల్‌డ్రింక్ సీసాల్లో ద్రవరూపంలో పేలుడు పదార్థం నింపి, అట్లాంటిక్ దాటే విమానాల్లో పేల్చాలని వాళ్ల పన్నాగం. మొదట్లో చేతిసంచిలో ద్రవమన్నదే వద్దన్నారు. ఆ ఏడు సెప్టెంబర్ 26న అమెరికా, నవంబర్ 6న యూరప్ కాస్త సడలించి, ఒక్కో సీసా 100 మిల్లీలీటర్లకు మించకూడదు, అన్నీ కలిపి ఒక లీటరు పట్టే పారదర్శక కవర్లో ఇమడాలి అన్నాయి. మన దగ్గరా అదే లెక్క నడుస్తోంది. ఇందులో జనం బోల్తా పడేది ఎక్కడంటే, చూసేది సీసా సైజును, లోపల మిగిలినదాన్ని కాదు. 150 మిల్లీలీటర్ల లోషన్ సీసాలో అడుగున నాలుగు చుక్కలున్నా అది 150 కిందే లెక్క, తీసి పక్కన పడేస్తారు. టూత్‌పేస్టు, జామ్, తేనె, చాక్లెట్ స్ప్రెడ్ కూడా వాళ్ల దృష్టిలో ద్రవాలే. చాక్లెట్ బిళ్లలకు ఆ పేచీ లేదు.

ఈ మధ్య సామాన్ల లోపలి దాకా అన్ని వైపుల నుంచీ చూపించే కొత్త స్కానర్లు వచ్చాయి. ఎడిన్‌బరో లాంటి చోట్ల 2025 నుంచి 2 లీటర్ల సీసా దాకా రానిస్తున్నారు. అది వీడియోలో చూసి నీ స్నేహితులెవరో "ఇప్పుడు రూల్స్ ఏమీ లేవు" అంటారు. నమ్మొద్దు. 2024 జూన్‌లో బ్రిటన్‌లో అలా సడలించిన కొన్ని ఎయిర్‌పోర్టుల్లోనే మళ్లీ 100 మిల్లీలీటర్లు అన్నారు. ఆ సెప్టెంబర్ 1 నుంచి యూరప్ అంతటా అదే మాట, తర్వాత కొన్నిచోట్ల మళ్లీ సడలింపు. ఒక ఊళ్లో వదిలేశారు కదా అని తర్వాతి ఊరివాడు వదలడు.

మరి డ్యూటీ ఫ్రీ లీటరు సీసాలు ఎలా వెళ్తున్నాయంటావా? సీలు కవరు వల్ల. బిల్లు వేసేవాడు సీసాను ఎర్ర అంచున్న దళసరి పారదర్శక కవర్లో పెట్టి, బిల్లు కూడా అందులోనే వేసి, అంచు అంటించేస్తాడు. ఒకసారి తెరిస్తే తెరిచినట్టు కనబడిపోయేలా ఉంటుంది ఆ అంటింపు. 2014 జనవరి 31కి ముందు ఇండియాలో కొన్న సీలు సీసాను కూడా ఫ్రాంక్‌ఫర్ట్‌లో తీసేసుకునేవాళ్లు. ఆ రోజు నుంచే యూరప్, అమెరికా రెండూ బయటి దేశాల సీలు కవర్లను స్కాన్ చేసి వదలడం మొదలుపెట్టాయి.

కౌంటర్ దగ్గర తొందరపడకు. ఇలా చెయ్యి. "కనెక్షన్ ఉంది, సీలు కవర్లో పెట్టండి" అని నోరు విప్పి అడుగు. రద్దీలో ఉన్న కుర్రాడు మామూలు సంచిలో వేసి ఇచ్చేస్తాడు, అది పనికిరాదు. బిల్లు మడత పడి సీసా వెనక దాక్కోకుండా, తేదీ బయటికి కనబడేలా పెట్టించు. అమెరికావాళ్లు 48 గంటల లోపు కొన్నదేనా అని చూస్తారు. రేకు డబ్బాలో, పింగాణీ జాడీలో వచ్చే సీసాల జోలికి పోవద్దు. స్కానర్‌కు లోపల ఏముందో అంతుపట్టకపోతే, సీలు ఉన్నా లోపలికి రానివ్వరు. ఇక, ఇల్లు చేరేదాకా కవరు విప్పొద్దు. మన దూరపు చుట్టం ఒకాయన విమానంలో పక్క సీటాయనకు చూపించాలని కవరు చించి, మళ్లీ నీటుగా టేపు వేశాడు. తర్వాతి ఎయిర్‌పోర్టులో ఆయన ఎంత మొత్తుకున్నా ఆ సీసా చెత్తడబ్బాలోకే పోయింది. సీలు పోయిన కవరు చెల్లదని ఆయనకెవరూ చెప్పలేదట. నీకు నేను చెబుతున్నా.

షికాగోలో మాత్రం సీలు కవరును నమ్ముకుని చేత్తో మోయొద్దు. బెల్టు మీద నుంచి సూట్‌కేసు చేతికొస్తుంది కదా, అక్కడే పక్కకు జరిగి, సీసాను అందులో పెట్టేసి, ఆ తర్వాతే మళ్లీ అప్పజెప్పు. అమెరికా సెక్యూరిటీ వాళ్లు ఇచ్చే సలహా కూడా ఇదే. ఇందుకోసం ఇంటి దగ్గరే సూట్‌కేసులో ఒక మూల ఖాళీ ఉంచి, ఒక పాత తువ్వాలు, ఒక జిప్ కవరు పడేసుకో. సూట్‌కేసును 23 కిలోలకు గ్రాము తక్కువ కాకుండా బిగించి, చివర్లో సీసాకు చోటు లేక బెల్టు పక్కన నేల మీద బట్టలన్నీ పరిచేవాళ్లను చూస్తే జాలేస్తుంది.

నన్నడిగితే మేనేజరుకి స్కాచ్ అసలు వద్దు. స్కాచ్ వాళ్ల ఊరి సూపర్‌మార్కెట్లోనే వరసగా పేర్చి ఉంటుంది. బెంగళూరు నుంచి వెళ్తూ బెంగళూరుది ఇవ్వు. ఇక్కడి అమృత్ కంపెనీ వాళ్ల సింగిల్ మాల్ట్ విస్కీని 2004లో ఏకంగా స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో విడుదల చేశారు, విస్కీ పుట్టింట్లోనే మెప్పు పొందిన సరుకు. అది ఊళ్లో కొని సూట్‌కేసులో పెట్టేస్తే రెండు సెక్యూరిటీల గొడవే ఉండదు. కర్ణాటక పన్నుల వల్ల కాస్త ఎక్కువ పడుతుంది, పడనీ. సూట్‌కేసులో 24 నుంచి 70 శాతం ఆల్కహాల్ ఉన్నవి మనిషికి 5 లీటర్ల దాకా, షాపు ప్యాకింగ్ విప్పకుండా ఉంటే ఒప్పుకుంటారు. 70 దాటితే ఎక్కడా ఎక్కనివ్వరు. అమెరికా కస్టమ్స్ మాత్రం 21 నిండిన మనిషికి లీటరే సుంకం లేకుండా వదులుతుంది. డ్యూటీ ఫ్రీ అంటే ఆ షాపులో పన్ను లేదనే తప్ప, దిగిన దేశంలో కస్టమ్స్ అడగదని కాదు.

కోడలికి చెప్పు: పర్ఫ్యూము కొనాలంటే 100 మిల్లీలీటర్లది గానీ, అంతకన్నా చిన్నది గానీ తీసుకోమను. సీలు చిరిగినా లీటరు కవర్లో పెట్టి చూపించొచ్చు. దానికీ ముందు అదే సీసా ధర ఊళ్లో మాల్‌లో, ఆన్‌లైన్లో చూసుకోండి. 1947లో ఐర్లాండ్‌లోని షానన్‌లో మొట్టమొదటి డ్యూటీ ఫ్రీ కొట్టు పెట్టిన నాటి నుంచీ ఈ వ్యాపారం నడిచేది విమానం కోసం ఎదురుచూస్తూ ఏమీ తోచనివాళ్ల మీదే. మద్యం, సిగరెట్లు చవకగా ఉంటాయి, ఎందుకంటే బయట వాటి మీద పన్ను ఎక్కువ. చాక్లెట్లు చాలాసార్లు సూపర్‌మార్కెట్ కన్నా ప్రియం. పెద్ద పెద్ద డబ్బాలు చూసి మోసపోవద్దు.

బిడ్డ పాలు, మందులకు ఈ 100 రూలు వర్తించదు. దారికి సరిపడా పెట్టుకోండి. కానీ అన్నిటి మధ్యలో కుక్కొద్దు, విడిగా ఒక సంచిలో పెట్టి, ట్రే దగ్గర "ఇవి పాపవి" అని ముందే చెప్పండి. మందుల చీటీ కూడా పక్కనే ఉండాలి. మీ అమ్మ ఆవకాయ, కారప్పొడి చేతిసంచిలో పెడతానంటుంది. ఆమె ఎంత చెప్పినా వినకు, బెంగళూరులోనే తీసేస్తారు. సూట్‌కేసులో మధ్యన, రెండు కవర్ల లోపల పెట్టు. అమెరికా కస్టమ్స్ ఫుడ్ ఉందా అని అడిగితే ఉందనే చెప్పు.

వచ్చేటప్పుడు మీ నాయనకు సీసా తేవాలని నీ మనసులో ఉంటుంది, నాకు తెలుసు. దానికోసం షికాగో నుంచి మొయ్యకు. బెంగళూరులో టీ2లో, అంటే రెండో టెర్మినల్లో దిగి, ఇమిగ్రేషన్ దాటాక, లగేజీ బెల్టుల దగ్గర అరైవల్ డ్యూటీ ఫ్రీ ఉంటుంది. అక్కడ కొంటే ముందు కస్టమ్స్ తప్ప ఏ సెక్యూరిటీ లేదు, నేరుగా కారెక్కుతావు. ఇండియాలోకి మనిషికి 2 లీటర్లే. చంకలో పసిబిడ్డ పేరు మీద కూడా రెండు లీటర్లు లెక్కగట్టే మహానుభావులు ఉన్నారు, నువ్వు ఆ పని చెయ్యకు. చంటిపిల్లలకు వాడిన బట్టలూ వస్తువులూ తప్ప ఇంకేమీ లేదు. బిల్లు పారెయ్యకు. అనంతపురం వెళ్లే దారిలో రాష్ట్ర సరిహద్దున కొడికొండ చెక్‌పోస్టు దగ్గర బండి ఆపితే అదే మాట్లాడుతుంది. కోడలి పుట్టింటికి విజయవాడ విమానం ఎక్కేటట్టయితే మాత్రం, ఆ సీసా లగేజీ అప్పజెప్పే ముందే సూట్‌కేసులోకి పోవాలి. ఇంటర్నేషనల్ అంతా టీ2కి మారినా, డొమెస్టిక్‌లో కొన్ని ఇప్పటికీ టీ1 నుంచే వెళ్తాయి. టెర్మినల్ మారే టైము కూడా చూసుకోండి.

మీరు బయలుదేరే రోజు ఊళ్లోకి, మా ఇంటి దాకా రావద్దు. అనంతపురం నుంచి వచ్చే దారిలో దేవనహళ్లి దాటగానే ఎయిర్‌పోర్టు వచ్చేస్తుంది, హెబ్బాళ ట్రాఫిక్‌లో ఇరుక్కోవడం దేనికి? మేమే అక్కడికొస్తాం. అమృత్ సీసా మీ పెద్దనాయన ముందే తెచ్చి ఉంచుతాడు, డిపార్చర్ గేటు బయట మీ సూట్‌కేసులో సర్దేద్దాం. ఆ మూల ఖాళీగా ఉంచు, తాళంచెవి జేబులో పెట్టుకో.

మీ పెద్దమ్మ,
బెంగళూరు